పాత ఎలక్ట్రిక్ గిటార్ బాడీ చూసి అది ఏ కాలం ఆకారమో పట్టుకోవడం ఎలా

మొన్న డాబాగార్డెన్స్ నుంచి ఒకాయన వాట్సాప్‌లో ఫొటో పెట్టి, "మాస్టారూ, అటక మీద దొరికింది, అరవైల నాటిదంటున్నారు, ఎంతొస్తుంది?" అని అడిగారు. తీగలన్నీ ఎర్రగా తుప్పు, తీగలు ఆనే బ్రిడ్జ్ మీద చిలుము. ముందే చెప్తున్నా, మన వైజాగ్‌లో తుప్పు చూసి వయసు కట్టొద్దు, బీచ్ రోడ్డు గాలికి మూణ్ణాలుగేళ్ల గిటార్ కూడా తాతల నాటిదిలా తయారవుతుంది. మెడ చివర హెడ్ మీద పేరూ నమ్మొద్దు, స్టిక్కర్ ఎవడైనా అతికిస్తాడు. చూడాల్సింది బాడీ, అదీ కళ్లతో కంటే చేత్తో, పక్కన ఒక స్కేలు పెట్టుకుని.

మొదట వేలితో తట్టండి. అంతా డొల్లగా మోగితే అది 1930ల పద్ధతి. 1936లో గిబ్సన్ కంపెనీ తెచ్చిన ఈఎస్-150 మామూలు డొల్ల గిటార్‌కి పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) తగిలించిందే. చిక్కేంటంటే వాల్యూమ్ పెంచితే డొల్ల కూడా స్పీకర్‌తో పాటు అదిరి కూత పెడుతుంది, పెళ్లి పందిట్లో మైకు తీసుకెళ్లి స్పీకర్ ముందు నిలబెడితే వస్తుందే, అదే కూత. గట్టి చెక్క బాడీ రావడానికి ముఖ్యమైన కారణం అది. పక్కలు డొల్లగా, నడిమి మాత్రం గట్టిగా మోగిందా, అయితే 1958 నాటి గిబ్సన్ ఈఎస్-335 దారి, లోపల మధ్యలో నిలువునా చెక్క దిమ్మ ఉంటుంది.

గట్టి బాడీ అయితే అంచు మీద మోచెయ్యి ఆనించండి. కూరగాయలు తరిగే పీటలా చదునుగా ఉండి, మెడ పక్కన ఒకవైపే కోత ఉంటే 1950లో మొదలైన ఫెండర్ టెలికాస్టర్ ఆకారం. లియో ఫెండర్ రేడియోలు రిపేరు చేసుకునే మనిషి, గిటార్ వాయించడం రాదు, అందుకేనేమో అందం కంటే తొందరగా కోసి బిగించడానికి వీలుగా గీశాడు (నాకైతే అదే దాని అందం). కోత ఒకటే కానీ పైభాగం బోర్లించిన పళ్లెంలా ఉబ్బి ఉంటే 1952 నాటి గిబ్సన్ లెస్ పాల్, మహాగని చెక్క మీద మేపుల్ చెక్క పలక.

టెలికాస్టర్ అంచు పక్కటెముకలకు గుచ్చుకుంటోందని వాయించేవాళ్లు గోల పెడితే 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. రెండు కొమ్ములు, చెయ్యి ఆనే చోట ఏటవాలు, వెనక పొట్ట దగ్గర లోతైన వంపు, అరిగిన సబ్బు బిళ్లలా ఉంటుంది. 1958లో వచ్చిన జాజ్‌మాస్టర్‌కి నడుం రెండు వైపులా సమానంగా ఉండదు, ఒక కాలి మీద బరువేసి నిలబడ్డ మనిషిలా వంకర. అదే ఏడాది గిబ్సన్ బాణం లాంటి ఫ్లయింగ్ వీ తెచ్చింది కానీ తొలి రెండేళ్లలో వంద కూడా దాటలేదు, కాబట్టి మీ అటక మీద అసలుది దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

1961కి లెస్ పాల్‌ని పలచన చేసి, రెండు వాడి కొమ్ములు పెట్టి ఇప్పుడు మనం ఎస్‌జీ అనేది చేశారు. స్కేలు ఇక్కడ పనికొస్తుంది: పక్క మందం సుమారు 35 మిల్లీమీటర్లుంటే ఎస్‌జీ, 45 దగ్గరైతే స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) లేదా టెలి (టెలికాస్టర్). ఇక 1980లలో కొమ్ములు ఇంకా సూదిగా, కోతలు ఇంకా లోతుగా అయ్యాయి, 24వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దాకా వేళ్లు అందాలి కదా, 1987 ఐబనెజ్ ఆర్‌జీ ఆ రకమే.

ఇంతవరకూ తెలిసేది ఆకారం పుట్టిన కాలం, మీ చేతిలో ఉన్న గిటార్ పుట్టిన కాలం కాదు. స్ట్రాట్ ఆకారం నిన్న కూడా తయారైంది. ఇక్కడే చాలామంది మోసపోతారు, నేనూ ఒకసారి గాజువాకలో సెకండ్‌హ్యాండ్‌ది కొని రెండు నెలల జీతం పోగొట్టుకున్నాను. అందుకని ఫెండర్ అయితే వెనక మెడ ప్లేటుకి స్క్రూలు లెక్కపెట్టండి, స్ట్రాట్‌కి మూడుంటే 1971 లేదా ఆ తర్వాతదే. డెబ్బయిల వాటిలో పొట్ట దగ్గరి వంపు కూడా లోతు తగ్గుతుంది, చెక్కా బరువే ఎక్కువ. లెస్ పాల్ అయితే పక్క అంచుని సెల్ టార్చ్ వెలుగులో చూడండి, మహాగని మధ్యలో సన్నటి గీత కనిపిస్తే పొరలు అతికించిన బాడీ, అది 1969 నుంచి డెబ్బయిల నడిమి దాకా చేసిన పద్ధతి.

డాబాగార్డెన్స్ ఆయనది స్ట్రాట్ ఆకారమే, స్క్రూలు నాలుగు, పొట్ట వంపు మాత్రం నామమాత్రం. ఆదివారం తెమ్మన్నాను, మెడ విప్పి లోపల తేదీ ఏమైనా ఉందేమో చూడాలి. స్క్రూలు తుప్పుకి బిగుసుకుపోయి ఉంటాయి, ముందు రోజే చుక్క నూనె వేసి, చెక్కకి అంటకుండా తుడిచి, సైజు సరిపోయే స్క్రూడ్రైవర్ తెచ్చుకోమన్నాను, తల అరిగితే ఇక అంతే.