మెరుపు మొదటిసారి ఫొటోకు చిక్కిన విధానం: నా అనుభవం

విశాఖలో సముద్రం మీద మబ్బు పట్టి మెరుపులు మొదలైన ప్రతి సాయంత్రమూ కెమెరా బిగించుకుని కూర్చున్నా, నా ఫొటోల్లో ఉత్త చీకటి ఆకాశమో, మసక తెల్లటి చారో తప్ప మరేమీ వచ్చేది కాదు. మెరుపు కనబడగానే బటన్ నొక్కడం, ఐఎస్ఓ (కాంతికి కెమెరా చూపే సున్నితత్వం) పెంచడం, ఆటోఫోకస్‌ను నమ్ముకోవడం, ఇవేవీ ఫలించలేదు.

చివరికి పనిచేసిన క్రమం ఇది. గదిలో దీపాలు ఆర్పి, మూసిన కిటికీ అద్దానికి దగ్గరగా ట్రైపాడ్ నిలిపాను. దూరాన లంగరు వేసిన ఓడ దీపాన్ని లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనుక తెరపై, పెద్దది చేసి చూస్తూ, అది సన్నని చుక్కగా మారేవరకు లెన్స్ ఫోకస్ రింగు తిప్పి, ఫోకస్‌ను మాన్యువల్‌లోనే ఉంచాను. తరువాత ఐఎస్ఓ 100, ఎపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/8, షట్టర్ తెరిచి ఉండే సమయం 15 సెకన్లు పెట్టాను. అసలు ముడి విడిపోయింది మాత్రం లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను (ఎక్కువ సేపు షట్టర్ తెరిచి తీసిన ఫొటోల్లో పడే చుక్కలను తగ్గించే సెట్టింగ్‌ను) ఆపేసినప్పుడే. అది ఆన్‌లో ఉంటే కెమెరా ప్రతి ఫొటో తరువాతా షట్టర్ మూసుకుని అంతే సేపు మరో నల్ల ఫ్రేమ్ తీస్తుంది కనుక, దాదాపు సగం మెరుపులు ఆ విరామంలోనే పోతున్నాయని అంతవరకు నేను గ్రహించలేదు. దాన్ని ఆపి, కంటిన్యువస్ మోడ్‌లో (బటన్ నొక్కి ఉన్నంత సేపూ వరుసగా ఫొటోలు తీసే పద్ధతిలో) రిమోట్ కేబుల్ బటన్‌ను లాక్ చేసి వదిలితే, సుమారు 40 నిమిషాల్లో వచ్చిన 150 ఫ్రేముల్లో నాలుగింటిలో మెరుపు కొమ్మలతో సహా స్పష్టంగా పడింది.

ఈ అంకెలు అందరికీ సరిపోతాయని చెప్పలేను. ఊరి వెలుతురు ఎక్కువైతే 15 సెకన్లకే ఆకాశం తెల్లబారవచ్చు, అప్పుడు 5 సెకన్లు మేలు కావచ్చు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ వ్యవధి ఉంటే, అంటే మబ్బు సుమారు 10 కిలోమీటర్ల లోపునకు వస్తే, నేను కెమెరాను అక్కడే వదిలి కిటికీకి దూరంగా వెళ్లిపోతాను.