ఆశ్చర్యాన్ని, దాని తోబుట్టువులను గుర్తుపట్టడం ఎలా?

అర్ధరాత్రి దాటాక కాలింగ్ బెల్ మోగుతుంది. తల్లి తలుపు తీసి చూస్తే, డాలస్‌లో ఉండవలసిన కూతురు సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడి ఉంటుంది. మరునాడు ఇరుగుపొరుగుతో ఆ తల్లి "ఎంత ఆశ్చర్యపోయానో!" అని ఒక్క మాటలో చెప్పేస్తుంది గాని, ఆ ఒక్క నిమిషంలో ఆమె ఉలిక్కిపడింది, నివ్వెరపోయింది, భయపడింది, సంతోషించింది, చివరకు "చెప్పాపెట్టకుండా ఇలా వస్తావా? గుండె ఆగినంత పనైంది!" అని కోప్పడింది కూడా. ఇలాంటి భావాలను విడదీసి చూడడానికి మన భాషలోని క్రియాపదాలే మంచి సాధనాలని నా నమ్మకం. "అప్పుడు నేను ఏమైపోయాను?" అని మిమ్మల్ని మీరు అడిగి చూడండి, తగిన క్రియ దానంతట అదే నోటికి వస్తుంది.

ముందుగా ఉలికిపాటును వేరు చేయండి. అది శరీరం చేసే పని; పెద్ద చప్పుడు వినగానే, సెకనులో పదో వంతైనా గడవకముందే కనురెప్ప పడిపోతుంది, ఆ వెంటనే భుజాలు ముడుచుకుంటాయి. దీపావళినాడు లక్ష్మీబాంబు వత్తికి మనమే నిప్పంటించి, దూరంగా నిలబడి, చెవులు మూసుకుని ఎదురుచూసినా, అది పేలగానే ఉలిక్కిపడతాం. అక్కడ అనుకోనిదేదీ లేదు కాబట్టి ఆశ్చర్యమూ లేదు. ముఖకవళికలను పరిశోధించిన పాల్ ఎక్‌మన్ ఉలికిపాటును భావోద్వేగాల జాబితాలో చేర్చకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఆశ్చర్యానికి మూలం మన అంచనా. అందువల్ల "నేను ఏమి జరుగుతుందనుకున్నాను?" అన్నది రెండో ప్రశ్న కావాలి. ఆ అంచనా మనసులో ఉన్నట్టు చాలాసార్లు మనకే తెలియదు. చీకట్లో దిగుతూ, ఇంకో మెట్టు ఉందనుకుని నేల మీద అడుగు వేసినప్పుడు గాని, మెట్లను లెక్కపెడుతున్న మనసొకటి లోపల ఉందని గ్రహించం.

ఎదుటివారి ముఖంలో ఆశ్చర్యాన్ని చదవడం మరింత కష్టం. ఎక్‌మన్, ఆయన సహపరిశోధకుడు ఫ్రీసెన్ 1971లో ప్రచురించిన అధ్యయనంలో, పపువా న్యూగినీలోని ఫోరె ప్రజలు ఫోటోల్లోని భయాన్ని ఆశ్చర్యం నుంచి వేరు చేయలేకపోయారు. కనుబొమలు పైకి లేవడం, కళ్లు పెద్దవి కావడం రెండింటికీ సమానమే. అయితే ఆశ్చర్యంలో కనుబొమలు విల్లులా వంగుతాయి, దవడ వదులుగా జారుతుంది. భయంలో కనుబొమలు లేస్తూనే ఒకదానికొకటి దగ్గరవుతాయి, కింది రెప్ప బిగుసుకుంటుంది, పెదవులు పక్కలకు లాగినట్టవుతాయి. కాబట్టి నోటిని, కింది రెప్పను చూడండి.

ఆశ్చర్యం కొద్ది క్షణాలే ఉంటుంది. తరువాత వచ్చే భావమే దానికి రంగు వేస్తుంది. దాచినది బయటపడుతుందేమోనన్న జంకు తోడైతే గతుక్కుమంటాం. ఆశించినది చేజారితే తెల్లబోతాం. మనం తక్కువగా చూసినవారు దీటైన జవాబు చెబితే కంగుతింటాం. అందులో దెబ్బతిన్న అహం ఉంటుంది. "ఇదేం విడ్డూరం!" అన్నప్పుడు ఆశ్చర్యం కన్నా ఆక్షేపణే ఎక్కువ. ఘోరమైన వార్త విని ఏమీ తోచని స్థితి దిగ్భ్రాంతి. దానికి లోనైనవారిని వెంటనే ప్రశ్నలు అడగకూడదు, కూర్చోబెట్టి పక్కన ఉండాలి.

విస్మయం సంగతి వేరు. భరతుడు నాట్యశాస్త్రంలో విస్మయాన్ని అద్భుత రసానికి స్థాయీభావంగా, అంటే ఆ రసానికి ఆధారమై నిలిచి ఉండే భావంగా చెప్పాడు. క్షణికమైన ఆశ్చర్యం స్థాయి ఎలా అవుతుందని నేను చాలాకాలం సందేహపడ్డాను. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని తలచుకుంటే ఆ సందేహం తీరింది. హైదరాబాదుకు సమీపంలోని జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించారు; సూర్యుడు ఎప్పుడు మరుగవుతాడో వారికి ముందే తెలుసు. అదే వేళ ఎందరో భయంతో తలుపులు మూసుకుని ఇళ్లలో ఉండిపోయారు. ముందే తెలిసినదానికి ఆశ్చర్యపడడం కుదరదు గాని, పట్టపగలు చీకటి కమ్మి సూర్యుని చుట్టూ తెల్లని కాంతివలయం వెలిగితే, లెక్క తెలిసినవారికైనా ఒళ్లు గగుర్పొడుస్తుంది. చూసేది మన ఊహకు మించి ఉన్నంతసేపూ విస్మయం నిలుస్తుంది. "తెలిశాక తగ్గిందా, పెరిగిందా?" అని అడిగి చూడండి, పెరిగితే అది విస్మయమే.

మొదట చెప్పిన తల్లి కోపాన్ని కూడా ఇలాగే అర్థం చేసుకోవాలి. వేళగాని వేళ వచ్చిన బిడ్డను చూడగానే, ఏదో కీడు జరిగిందేమోనని మనసు ముందు భయపడుతుంది. కోపం ఆ భయం తాలూకు శేషం. అందుచేత చెప్పకుండా ఇంటికి వెళ్లాలనుకునే పిల్లలు గుమ్మంలో "సర్‌ప్రైజ్!" అని కేక వేయకుండా, మొదట "అందరం బాగున్నామమ్మా, సెలవు దొరికి వచ్చాను" అని చెప్పి, ఆపైన కౌగిలించుకోవాలి.