పని చోట కరెంటు – 4వ పాఠం: ఎంసీబీ ఎవరిని కాపాడుతుంది?

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ షెడ్డులోని త్రీ-పిన్ ప్లగ్గులన్నీ పీకి, పైనుండే లావుపాటి పిన్ను, అంటే ఎర్తు పిన్ను, ఏయే ప్లగ్గుకి ఉందో, దేనికి లేదో రాసుకోమన్నాను. ఆ చీటీ జాగ్రత్త, చివర్లో కావాలి.

గేట్లు, గ్రిల్సు చేసే ఒక వెల్డింగ్ షెడ్డుకి వెళ్తే ఓనరు నన్ను నేరుగా బోర్డు దగ్గరికే తీసుకెళ్లాడు. "పాత ఫ్యూజులు పీకించేసి అన్నీ ఎంసీబీలు వేయించాను మాస్టారూ, ఇంక షాకు భయం లేదు" అన్నాడు. ఎంసీబీ అంటే లైనులో కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి లైను ఆపేసే స్విచ్చు. బోర్డు ముచ్చటగానే ఉంది. మనిషిని కాపాడేది మాత్రం అందులో ఒక్కటీ లేదు.

గ్రైండరు లైనుకున్న ఎంసీబీ మీద సి16 అని రాసి ఉంది. అంటే 16 యాంపుల దాకా ఎంతసేపైనా పోనిస్తుంది. సి రకం కాబట్టి టక్కున పడాలంటే అందుకు 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 యాంపులు పారాలి. గోడలోని వైరు కాలిపోకుండా చూడటమే దాని ఉద్యోగం.

ఇక మనిషి సంగతి. అమెరికాలో చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసరు, ఒప్పుకొని ముందుకొచ్చిన వాళ్ల మీద పరీక్షలు చేసి, చేతిలోని తీగను ఎంత కరెంటు దగ్గర వదల్లేకపోతారో కొలిచాడు. మగవాళ్లకి సగటున 16 మిల్లీయాంపులు, ఆడవాళ్లకి పదిన్నర. ఎంసీబీ మీదా 16, ఇక్కడా 16. మధ్యలో తేడా వెయ్యి రెట్లు.

మన షెడ్డు లెక్కే వేద్దాం. చెమట చెయ్యి, తడి నేల, కాళ్లకి చెప్పుల్లేవు. ఒంటి రెసిస్టెన్సు ఓ 1000 ఓములు అనుకోండి. 230 వోల్టులని 1000తో భాగిస్తే 230 మిల్లీయాంపులు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఎంసీబీకి అదేమీ తెలియదు. దాని లెక్కలో ఎవరో 50 వాట్ల బల్బు వేశారంతే.

"ఎర్తు ఉందిగా?" అంటారు. ఉండాలి, కానీ అదొక్కటే చాలదు. ఎర్తు పిట్టు (ఎర్తు వైరు భూమిలోకి దిగే గుంట) రెసిస్టెన్సు 5 ఓములుంటే, గ్రైండరు బాడీకి ఫేజు తగిలినప్పుడు పారేది మహా అయితే 46 యాంపులు. సి16 దానికి టక్కున పడదు, వేడెక్కి మెల్లగా పడాలి. పడేదాకా ఆ బాడీ మీద కరెంటు ఉంటుంది. వేసవిలో పిట్టు ఎండి రెసిస్టెన్సు పెరిగితే ఇంకా ఆలస్యం.

ఇక్కడ కావలసింది ఆర్‌సీసీబీ. దీని పని మన కిరాణా కొట్టు గుమాస్తా పనే: ఫేజులో వెళ్లినదెంత, న్యూట్రల్‌లో తిరిగొచ్చినదెంత అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీయాంపులు తక్కువొస్తే 0.3 సెకన్లలోపు పడిపోవాలి. 150 తగ్గితే 0.04 సెకన్లలోపే. షాకు కొట్టదని కాదు, ఒళ్లు జిల్లుమంటుంది. కానీ చెయ్యి విడిపోతుంది.

కొనేటప్పుడు 30 అన్న అంకె చూసి తీసుకోండి. 100, 300 మిల్లీయాంపులవీ కొట్లో ఉంటాయి, మనిషి ప్రాణానికి అవి సరిపోవు. ఇంకో సంగతి: ఎండు చెక్క మీద నిలబడి ఒక చేత్తో ఫేజు, రెండో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి కూడా మీరు బల్బే. వెళ్లిందంతా తిరిగొస్తోంది కదా! వైరు కాలకుండా చూడటం దీనికి చేతకాదు. కాబట్టి దీన్ని పెట్టి ఎంసీబీ తీసేయకండి, రెండూ ఉండాలి.

దీనికి ఎక్కడ చూసినా ఒకటే తిట్టు: "వానొస్తే చాలు, ఊరికే పడిపోతోంది." పని ఆగుతోందని ఎవడో ఒకడు డైరెక్టు కలిపేస్తాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఊరికే పడదు. ఆ లైను మీది ప్లగ్గులన్నీ పీకేసి, దాన్ని ఎత్తి, ఒక్కో మిషను పెట్టి చూడండి. దేనికి పడిందో దాంట్లో లీకేజీ ఉంది. చాలాసార్లు తడిసిన ఎక్స్‌టెన్షన్ బాక్సో, ఒరుసుకుపోయిన గ్రైండరు వైరో దొరుకుతుంది. అన్నీ పీకినా నిలవకపోతే తప్పు వైరింగులోనే. రెండు లైన్ల న్యూట్రల్స్ ఎక్కడైనా కలిసిపోయాయేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఈసారి పని

మధ్యాహ్నం భోజనాల వేళ మిషన్లన్నీ ఆపి బోర్డు దగ్గరికి వెళ్లండి. టి అని రాసిన చిన్న బటన్ ఉన్న ఆర్‌సీసీబీ ఏదైనా కనిపిస్తోందా? లేకపోతే మీ బోర్డూ ఆ ఓనరు బోర్డూ ఒకటే. ఉంటే నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే అది చచ్చినట్టే, మార్పించండి. మూత విప్పి మీరే కెలకొద్దు. పడితే తేదీ గోడ మీద రాసి, నెలకోసారి నొక్కుతూ ఉండండి.

టి బటన్ లోపలున్న చిన్న రెసిస్టెన్సు ద్వారా దొంగ లీకేజీ సృష్టిస్తుంది. మీ ఎర్తు వైరు తెగిపోయి ఉన్నా అది చక్కగా పడుతుంది. అందుకే ఆ చీటీ దాచమన్నది. పైపిన్ను లేనివాటిలో చేత్తో పట్టుకుని వాడే ఇనుప బాడీ మిషన్లకి గుండ్రం గీత చుట్టండి. వచ్చే పాఠంలో వాటినే విప్పుదాం.