విశాఖలో స్నేహితులతో కలిసి అద్దె ఇల్లు వెతుక్కోవడం ఎలా?

హాస్టల్ విడిచి ముగ్గురు నలుగురు కలిసి అద్దె ఇంట్లో ఉండాలనుకునే విద్యార్థులు విశాఖపట్నంలో చాలావరకు టు లెట్ బోర్డులు వెతకడంతోనే పని మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: ఎవరెవరు కలిసి ఉంటారు, ఏ పేటలో ఉంటారు. అడ్వాన్సు ఇంటివారి చేతికి వెళ్లాక అడిగే ప్రశ్నలకు బలం తగ్గిపోతుంది. అందుచేత ఇక్కడ చెప్పే పనులన్నీ డబ్బు ఇవ్వకముందే పూర్తి కావాలి.

ముందు మీలో మీరు మాట్లాడుకోండి

కలిసి ఉండబోయేవారందరూ ఒకచోట కూర్చుని, నెలకు ఎవరు ఎంత ఇవ్వగలరో మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. అందరిలో తక్కువ ఇవ్వగలిగినవారి మాటనే పరిమితిగా పెట్టుకోవడం న్యాయం. లేకపోతే ఆ ఒక్కరు రెండు మూడు నెలలు అప్పు చేసి నెట్టుకొచ్చి, చదువు మధ్యలో ఇల్లు వదిలిపోవలసి వస్తుంది. అద్దె ఒక్కటే లెక్క వేయకండి. ఉదాహరణకు అద్దె 12,000 రూపాయలు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు 1,500, కరెంటు, గ్యాసు, తాగునీరు, ఇంటర్నెట్ కలిపి 2,500 అనుకుంటే మొత్తం 16,000 అవుతుంది. నలుగురైతే తలా 4,000 పడుతుంది. రెండు నెలల అడ్వాన్సు అడిగితే మొదటి నెలలో అదనంగా తలా 6,000 సిద్ధంగా ఉండాలి. వంట సామాను, చాపలు, పరుపులు ఈ లెక్కలో లేవు.

డబ్బు తరువాత అలవాట్ల మాట. మాంసాహారం వండవచ్చా, రాత్రి ఎంతవరకు లైటు వేసి చదువుకోవచ్చు, స్నేహితులు వచ్చి ఎన్ని రోజులు ఉండవచ్చు, గిన్నెలు ఎవరు కడగాలి అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి కానీ, పరీక్షల రోజుల్లో మాట పట్టింపులు వచ్చేది వీటి దగ్గరే. అన్నిటికంటే ముఖ్యమైనది, మధ్యలో ఒకరు వెళ్లిపోతే వారి వాటా ఎవరు భరించాలన్నది. వెళ్లేవారు తమ బదులు మరొకరిని చూపించాలని, చూపించేవరకు వాటా కట్టాలని ముందే ఒప్పుకుని, ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేయాలి. స్నేహితుల మధ్య కాగితమెందుకని అనిపించవచ్చు. స్నేహం నిలవాలన్న కోరిక ఉన్నవారే ఈ కాగితం రాసుకోవాలి.

పేట ఎంపిక

విశాఖలో కళాశాలలు ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివేవారికి మద్దిలపాలెం, ఇసుకతోట, పెద వాల్తేరు, శివాజీపాలెం అనుకూలం. రుషికొండలోని గీతం విశ్వవిద్యాలయానికి వెళ్లేవారు ఎండాడ వైపు, మధురవాడ చుట్టుపక్కల కళాశాలలకు వెళ్లేవారు పోతినమల్లయ్యపాలెం, కొమ్మాది వైపు చూడవచ్చు. ఆంధ్ర వైద్య కళాశాల వారికి మహారాణిపేట, దువ్వాడ వైపు చదివేవారికి కూర్మన్నపాలెం, గాజువాక దగ్గర. కలిసి ఉండేవారు వేర్వేరు కళాశాలల్లో చదువుతుంటే జాతీయ రహదారికి నడిచి చేరగలిగే దూరంలో ఇల్లు తీసుకోవడం మంచిది, ఎందుకంటే మద్దిలపాలెం నుంచి హనుమంతవాక మీదుగా మధురవాడ వరకు బస్సులూ ఆటోలూ ఆ దారిలోనే ఎక్కువగా తిరుగుతాయి. అద్దెలో మిగిలిన వెయ్యి రూపాయలు ఆటో చార్జీలకే పోయే ఇల్లు చవకైనది కాదు.

వెతకడం

మొబైల్ యాప్‌లు ఉపయోగపడతాయి కానీ, ఈ ఊళ్లో చాలా పోర్షన్లు గేటుకు కట్టిన బోర్డుతోనే అద్దెకు పోతాయి. అనుకున్న వీధుల్లో ఉదయం పూట నడుస్తూ వాచ్‌మన్‌లను, కిరాణా కొట్టువారిని, ఇస్త్రీ బండి దగ్గర ఉన్నవారిని అడగాలి. ఆషాఢంలో ఇల్లు మారడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు కాబట్టి, ఆ నెలలో ఖాళీగా ఉన్న ఇంటికి అద్దె కొంత తగ్గించమని మర్యాదగా అడగవచ్చు.

పెళ్లికాని విద్యార్థులకు ఇల్లు ఇవ్వబోమనే మాట తరచుగా వినబడుతుంది. వాదనకు దిగకండి. కళాశాల గుర్తింపు కార్డు చూపించి, మీలో ఒకరి అమ్మగారిచేత గాని నాన్నగారిచేత గాని ఇంటివారితో ఫోన్‌లో మాట్లాడించండి. సమయపాలన, శబ్దం, అతిథుల విషయంలో వారి నిబంధనలు అప్పుడే అడిగి, పాటించలేనివి ఉంటే మొదటే చెప్పేయండి.

ఇల్లు చూడకముందే టోకెన్ డబ్బు పంపమనేవారిని నమ్మకూడదు. తాము నౌకాదళంలోనో సైన్యంలోనో పనిచేస్తున్నామని, బదిలీ అయి దూరంగా ఉన్నామని చెప్పి, మీకు డబ్బు వేస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపే మోసగాళ్లు ఉన్నారు. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇంట్లో ఏం చూడాలి?

మొదట నీళ్లు. బోరు నీళ్లా, మునిసిపల్ కుళాయి ఉందా, వేసవిలో ట్యాంకరు తెప్పిస్తే ఖర్చు ఎవరిదన్నది అడిగి, కుళాయి తిప్పి కాసిన్ని నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. సముద్రానికి దగ్గరి వీధుల్లో నీళ్లు ఉప్పగా ఉండే అవకాశం ఉంది. అక్కడి ఉప్పుగాలికి కిటికీ ఊచలు, గడియలు త్వరగా తుప్పు పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరాన్ని తాకిన తీరు చూసినవారెవరూ కిటికీ సరిగా మూసుకోని పై అంతస్తు ఇంటిని తేలికగా తీసుకోరు. ఇల్లు గెడ్డ (వాగు) పక్కన గాని కొండవాలులో గాని ఉంటే, భారీ వానల్లో ఏం జరిగిందో ఇంటివారిని కాక పక్కింటివారిని అడగాలి. గోడల మూలల్లో చెమ్మ మరకలు, కొత్త రంగు కింద దాచిన బుడగలు కనిపిస్తాయేమో చూడండి.

తరువాత కరెంటు మీటరు. యూనిట్లు పెరిగేకొద్దీ ధర కూడా పెరిగే శ్లాబుల విధానం ఉంది కాబట్టి, రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే ఇరువురూ ఎక్కువ ధర శ్లాబులోకి వెళతారు. విడి మీటరు ఉన్న పోర్షన్‌కు కొంచెం అద్దె ఎక్కువైనా లాభమే కావచ్చు. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ పాత బిల్లు ఒకటి అడిగి, అందులో ఎవరి పేరుందో, బకాయిలు ఉన్నాయో లేదో గమనించండి. మాట్లాడుతున్న వ్యక్తి నిజమైన యజమానో కాదో తెలుసుకోవడానికి ఆ బిల్లుతోపాటు ఇంటి పన్ను రసీదు కూడా చూడాలి.

ఒప్పంద పత్రం

1908 రిజిస్ట్రేషన్ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం, ఏడాది లోపు అద్దె ఒప్పందాన్ని కూడా రిజిస్టరు చేయించాలి. ఒప్పందాన్ని సాధారణంగా 11 నెలలకు రాస్తారు. 18 ఏళ్లు నిండనివారి తరఫున తల్లిదండ్రులు సంతకం చేయాలి. ఒక్కరి పేరుతో రాస్తే ఆ ఒక్కరిదే బాధ్యత అవుతుంది కాబట్టి అందరి పేర్లూ ఉండాలని పట్టుబట్టండి. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, రంగుల ఖర్చు మినహాయిస్తారా, ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుంది అన్నవి నోటి మాటగా వదలకుండా పత్రంలో రాయించాలి. అడ్వాన్సును బ్యాంకు ద్వారా పంపితే రుజువు దానంతట అదే ఉంటుంది; నగదు ఇస్తే రసీదు తప్పనిసరి.

తాళాలు తీసుకున్న రోజునే, పాలు పొంగించడానికి ముందే, గోడలు, ఫ్యాన్లు, బాత్‌రూమ్ అమరికలు, మీటరు రీడింగు ఫోటోలు తీసి, ఇంటివారికి వాట్సాప్‌లో పంపండి. పగిలిన అద్దం, పనిచేయని గీజరు వంటివి ఆ సందేశంలోనే రాయండి. ఖాళీ చేసే రోజున అడ్వాన్సు లెక్క తేల్చుకోవడానికి ఇరువైపులా ఆ ఫోటోలే ఆధారం అవుతాయి.