పఫర్ చేప కన్నా ముందు నత్తల్ని పెంచండి

పఫర్ చేపని, అంటే భయపడితే బంతిలా ఉబ్బే చేపని, తెచ్చుకుంటానని ఎవరన్నా నేను ముందు అడిగేది ఒక్కటే: ఇంట్లో నత్తలున్నాయా? లేకపోతే చేప సంగతి తర్వాత చూద్దాం. పఫర్‌కి పైన రెండు, కింద రెండు గట్టి పళ్ళుంటాయి. అవి బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, గుల్లల్ని కొరికితేనే అరుగుతాయి. ఎప్పుడూ మెత్తటి తిండే పెడితే పళ్ళు పెరిగిపోయి, తిండి ఎదురుగా ఉన్నా తినలేక చేప చిక్కిపోతుంది. పెద్ద జాతుల్లో ఇది మరీ ఎక్కువ.

అందుకే ఒక గాజు సీసాలోనో చిన్న టబ్బులోనో రామ్స్‌హార్న్ నత్తలు (చుట్టలా తిరిగిన గుల్లుండే చిన్న నీటి నత్తలు) వేసి, అప్పుడప్పుడు ఉడికించిన ఆకు ఒకటి పడేయండి. కొన్ని వారాల్లో అవే పిల్లలు పెడతాయి. ట్రంపెట్ నత్తలు మాత్రం వద్దు. వాటి గుల్ల చిన్న పఫర్లకి మరీ గట్టి.

నత్తలు పెరిగేలోపు ట్యాంకు సిద్ధమవుతుంది. ఫిల్టర్‌లో మంచి బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేప మురికిలోంచి పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ టెస్ట్ కిట్‌లో సున్నా చూపించేదాకా చేపని వదలకండి. పఫర్ చిందరవందరగా తింటుంది, మురికి కూడా ఎక్కువే చేస్తుంది. ప్రతి వారం మూడో వంతు నీళ్ళు మార్చాల్సిందే. కొళాయి నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపండి.

ఇక ఏ పఫర్? మొదటిసారి పెంచేవాళ్ళకి నేను చెప్పేది పీ పఫర్. కేరళ నదుల చేప, మూడున్నర సెంటీమీటర్లు కూడా దాటదు, పూర్తిగా మంచినీళ్ళలోనే బతుకుతుంది. ఒక్కదానికి 20 లీటర్ల ట్యాంకు చాలు, వేడి 25 డిగ్రీల దగ్గర ఉండాలి. వాలిస్నేరియా, జావా ఫెర్న్ లాంటి నీటి మొక్కలు, నాచు దట్టంగా పెట్టండి. ఖాళీ ట్యాంకులో అది బెంగపడినట్టు అద్దం వెంట పైకీ కిందకీ ఈదుతూనే ఉంటుంది.

గ్రీన్ స్పాటెడ్ పఫర్ విషయంలో జాగ్రత్త. చిటికెడంత పిల్లగా మంచినీళ్ళలో అమ్ముతారు. అది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పెరిగేకొద్దీ ఉప్పు నీళ్ళు కావాలి. ఫిగర్ ఎయిట్ పఫర్‌కి కూడా ఉప్పుటేటి నీళ్ళలా కాస్త ఉప్పదనం ఉండాలి. దానికి వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు అక్వేరియంల కోసం అమ్మే ఉప్పు తెచ్చి, నీళ్ళలో ఉప్పెంతుందో చూపించే హైడ్రోమీటర్‌తో కొలిచి కలపాలి. ఫహాకా పఫర్ అయితే 40 సెంటీమీటర్లు పెరిగే చేప, మామూలు ఇంటి ట్యాంకులో దానికి చోటుండదు. కొనేటప్పుడు జాతి పేరు తప్పకుండా అడగండి.

తోడుగా వేరే చేపలు వేయకండి. పొడవాటి రెక్కలున్న గప్పీలైతే వాటి రెక్కలు కొరికేస్తుంది. పీ పఫర్లనే గుంపుగా పెట్టాలంటే పెద్ద ట్యాంకు, బోలెడు మొక్కలు, మగవి తక్కువగా ఉండాలి. మగదాని పొట్ట మీద నల్ల గీత, కంటి వెనక ముడతలు కనిపిస్తాయి.

రేకుల్లా ఉండే ఎండు తిండిని ఇది దాదాపు ముట్టుకోదు. రోజుకోసారి గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్స్ (ఎర్రటి చిన్న పురుగులు) గానీ డాఫ్నియా (నీళ్ళలో ఉండే చిన్న జీవులు) గానీ కరిగించి వేయండి, మధ్యమధ్యలో నత్తలు. పొట్ట కాస్త గుండ్రంగా కనిపిస్తే చాలు. తినేముందు నత్త ముందు ఆగి, ఒక్కో కన్నూ విడివిడిగా తిప్పుకుంటూ గురి చూస్తుందే, అది చూడ్డానికే నేను రోజూ ట్యాంకు ముందు కూర్చుంటాను. మిగిలిన తిండి వెంటనే తీసేయండి.

చాలా పఫర్లు నదుల్లో పట్టి తెచ్చినవే, కడుపులో పురుగులతో వస్తుంటాయి. తింటున్నా పొట్ట లోపలికి పోతుంటే, తెల్లటి దారంలా మలం వస్తుంటే అనుమానించాలి. కొత్త చేపని కొన్నాళ్ళు వేరే ట్యాంకులో ఉంచి గమనించండి. దీనికి మామూలు పొలుసులుండవు కాబట్టి మందులు తొందరగా ఒంట్లోకి ఎక్కి హాని చేస్తాయి. రాగి కలిసిన మందులు అసలు వాడొద్దు, చేపల వైద్యం తెలిసినవాళ్ళని అడిగే వేయండి.

ఉబ్బితే ఎలా ఉంటుందో చూద్దామని దాన్ని బెదిరించకండి. అది భయపడితే చేసే పని, ఒంటికి చాలా శ్రమ. వలతో నీళ్ళ బయటకి తీస్తే గాలి మింగేస్తుంది, ఆ గాలి బయటకి రాక చచ్చిపోయే ప్రమాదముంది. ట్యాంకు మార్చాల్సి వస్తే గ్లాసుని నీళ్ళలో ముంచి, చేపని అందులోకి నెమ్మదిగా తోలి, నీళ్ళతో సహా తీయండి.