ఫీచర్ రికగ్నిషన్ బటన్ నొక్కే ముందు

(క్యామ్ అంటే మెషిన్ కోతకు ప్రోగ్రామ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్. అది మోడల్‌లోని రంధ్రాలు, పాకెట్లు, అంటే తవ్విన గుంటలు, తానే గుర్తించడమే ఫీచర్ రికగ్నిషన్.)

☐ మోడల్ స్టెప్ ఫైల్‌లో (అసలు ముఖాలను ఉన్నవి ఉన్నట్టు ఉంచే 3డి ఫార్మాట్), మూసి ఉన్న సాలిడ్‌గా రావాలి. ఎస్‌టీఎల్ ఫార్మాట్‌లో ఉండేవి త్రిభుజాలే. సిలిండర్ ముఖమే లేనప్పుడు క్యామ్‌కు రంధ్రం ఎలా దొరుకుతుంది?

☐ తెలిసిన కొలత ఒకటి కొలిచి చూడండి. అంగుళాలు మి.మీ.గా తెరుచుకుంటే తేడా 25.4 రెట్లు.

☐ మరలు. ఎక్కువ ముక్కలు పాడయ్యేది ఇక్కడే. ఎం8 (8 మి.మీ.) మరను చాలామంది 6.8 మి.మీ. నున్నటి రంధ్రంగానే గీస్తారు. సాఫ్ట్‌వేర్ డ్రిల్ వేసి ఊరుకుంటుంది, మర కోసే ట్యాప్ పెట్టదు. 10 హెచ్7 రంధ్రమూ అంతే (హెచ్7 అనేది టాలరెన్స్, అంటే కొలతలో అనుమతించే తేడా): మోడల్‌లో ఉత్త 10 మి.మీ.. ముందు 9.8 డ్రిల్, తర్వాత కచ్చితమైన కొలతకు తెచ్చే రీమర్ అని దానికెవరు చెప్పారు? డ్రాయింగ్ పక్కన పెట్టుకుని ప్రతి రంధ్రానికీ టాలరెన్స్, లోతు, సంఖ్య సరిచూడండి. ఈ పని విసుగే, అయినా వదలొద్దు.

☐ పాకెట్ మూల రేడియస్ 3 మి.మీ. అయితే 6 మి.మీ. ఎండ్‌మిల్ (తిరుగుతూ కోసే పనిముట్టు) మూలలో ఇరుక్కుని అదురుతుంది. 5 వాడండి.

☐ గాడి అడ్డంగా కోసిన రంధ్రం రెండుగా లెక్కకు రావచ్చు. అక్షం ఒకటే అయితే కలిపేయండి.

☐ జెడ్ దిశ (పనిముట్టు దిగే దిశ) మీ బిగింపుకు సరిపోవాలి. లేదంటే పక్క రంధ్రాలు జాబితాలో కనిపించవు.