ఊపిరి లెక్క, తూకం: ఆశాలకు పీహెచ్‌సీలోనే నేర్పడం ఎలా

పసికందును ఇంటికెళ్లి చూడాల్సింది ఆశా కార్యకర్త. ఆమెకిచ్చే శిక్షణ మాత్రం జిల్లా కేంద్రంలో, తెర మీది బొమ్మలతో అయిపోతే బిడ్డను ముట్టుకోకుండానే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ప్రాణహితకు అవతల గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ 1990లలో ఊరి ఆడవాళ్లకే ఊపిరి లెక్క, తూకం లాంటి పనులు నేర్పి పసిబిడ్డల మరణాలు బాగా తగ్గించింది. ఏజెన్సీ మండలాల్లో ఈ శిక్షణకు సరైన చోటు కాన్పులు జరిగే పీహెచ్‌సీ.

తేదీ పెట్టేముందు వారపు సంత ఏ రోజో అడగండి, ఆ రోజు ఎవరూ రారు. ఒక్కో జట్టులో ఐదారుగురికి మించొద్దు. చంటిపిల్లలున్న ఆశాలకు తోడు మనిషిని రానివ్వండి. దారి ఖర్చులు అదే రోజు చేతికివ్వండి.

ఎక్కువ సమయం ఊపిరి లెక్కకే ఇవ్వండి, తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే. తల్లిని అడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని, బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి పొట్ట చూడాలి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. కొత్తవాళ్లు లేచినప్పుడొకటి, దిగినప్పుడొకటి లెక్కపెట్టి రెట్టింపు రాస్తారు. అర నిమిషం చూసి రెండుతో హెచ్చవేయనివ్వొద్దు. పసికందు ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి నిమిషం నిండాలి. 60 గానీ అంతకు మించి గానీ వస్తే మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే వస్తే, లేదా డొక్కలు బాగా లోపలికి పోతుంటే, వెంటనే ఆసుపత్రికి. ఇద్దరు ఒకే బిడ్డను ఒకేసారి చూసి, మాట్లాడుకోకుండా అంకె రాయాలి. తేడా ఐదు దాటితే ఇద్దరూ మళ్లీ మొదలు.

తూకానికి ముందు కాటాకు ఖాళీ ఉయ్యాల గుడ్డ తగిలించి ముల్లు సున్నాకు తేవాలి. లీటరు నీళ్ల సీసాలు రెండు వేసి చూడండి, రెండు కిలోల కంటే కాస్త ఎక్కువ చూపాలి. ముల్లును కంటికి ఎదురుగా చదవాలి, ఉయ్యాల మంచానికి జానెడు ఎత్తులోనే ఉండాలి. 2,500 గ్రాములు లేకపోతే బరువు తక్కువ బిడ్డే. థర్మామీటరు వాడటం నేర్పడం పది నిమిషాల పని: చంకలో పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి, బీప్ వచ్చేదాకా ఆగాలి. 97.7 ఫారెన్‌హీట్ కంటే తగ్గితే బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పించాలి.

ఫారాలు నింపడం చివరికి ఉంచండి. చదువు తక్కువున్న ఆశా మొదట్లోనే ఫారం చూస్తే జంకుతుంది, చేత్తో బిడ్డను చూడగలిగినా సరే.

ఆసుపత్రి కాన్పయితే ఇంటి సందర్శనలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. ఏఎన్ఎం రిజిస్టరులో ఆ నెల కాన్పుకు దగ్గరున్నవాళ్ల పేర్లు చూసి, వాళ్ల ఊరి ఆశాలనే ముందు జట్టులో పిలవండి. నేర్చుకున్న వారంలోనే నిజమైన బిడ్డ దొరుకుతుంది, ఆ మొదటి సందర్శనకు శిక్షకురాలు వెంట వెళ్లాలి. పుట్టింటికి వెళ్లిన బాలింత ఇద్దరు ఆశాల మధ్య జారిపోతుంది, అందుకే అత్తింటి ఊరి ఆశా పుట్టింటి ఊరి ఆశాకు ఫోన్ చేయడం కూడా శిక్షణలోనే చేయించండి.